మా మిషను ఖాలా డేరాలో

పోలీసు యాక్షన్ అనగానే అందరికీ తుపాకులు గుర్తొస్తాయట. నాకు మాత్రం తడిసిన గడ్డి వాసన, డేరా గుడ్డలోంచి దిగే పాలరంగు వెలుతురు గుర్తొస్తాయి. విమానాలొచ్చి రైల్వే వర్క్‌షాపు మీద బాంబులేస్తాయని పుకారు లేచింది. లాలాగూడ, మెట్టుగూడ జనం చాలామందిమి మూటాముల్లె సర్దుకుని చర్చి వెనక మైదానంలో డేరాలు వేసుకున్నాం. ముసురులో ఆ డేరాలన్నీ నేలకు దిగిన మబ్బుల్లా ఉండేవి. నేను వాటి మధ్య కలలో నడిచినట్టు తిరిగేదాన్ని.

అమ్మకు అలాంటి కలలేం లేవు. డేరాకు తలుపుండదు, గొళ్లెముండదు. ఆమెకున్న ఆస్తల్లా ఒక కుట్టుమిషను. నాన్న పోయాక మా నోట్లోకి వెళ్లే ముద్ద దాని మీద కుట్టిన రవికల వల్లనే. మైదానంలో ఒకరి బిందె పోయింది, ఇంకొకరి దుప్పటి పోయింది. అమ్మ ఇక మిషను వదిలి నీళ్లకు కూడా కదల్లేదు.

పక్క డేరా ఖాలాది మా వీధే. పిన్నిని ముసల్మానులు ఖాలా అంటారు కాబట్టి మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఆమె భర్త దూది ఏకి పరుపులు కుట్టేవాడు. గోడంత పొడుగున్న ఆయన దూదేకే విల్లే వాళ్లకు అన్నం పెట్టేది.

“ఎవరి సామాన్ కాడ వాళ్లకు కునుకొస్తది అక్కా. అమానతు అయితే కన్ను మూతపడదు. నీ మిషన్ నాకియ్యి, నా పెట్టె నువ్వు పెట్టుకో,” అంది ఖాలా.

నమ్మి అప్పగించిన సొమ్మంటే వాళ్లింట్లో అంత పట్టింపు. అమ్మ సరేనంది. ఆనాటి నుంచి అమ్మ ఖాలా పెట్టె మీదే కూర్చుని బియ్యం ఏరేది. ఖాలా తన దుప్పటి మా మిషనుకు కప్పి, తాను వానకు తడిసేది.

బాంబులు పడలేదు. సైన్యం వచ్చింది. ఒక పొద్దున చూస్తే ఖాలా డేరా లేదు. ముసల్మానుల ఇళ్ల మీద పడుతున్నారని విని, ఎటో వెళ్లిపోయారట. డేరా మేకుల గుంతల్లో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. మిషను లేదు.

“ఇంకేం జూస్తున్నవే? ఆ పెట్టె తాళం పలగ్గొట్టు, ఉన్నదేందో అమ్ముకో!” అంది ఎదుటి డేరా ముసలమ్మ.

“అది నాది కాదుగా అత్తా,” అంది అమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి తిరిగొచ్చాక గంజి తాగి పడుకునేవాళ్లం. కుట్టడానికిచ్చిన గుడ్డలన్నీ అమ్మ ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేసింది. పెట్టెను మాత్రం రోజూ తుడిచేది.

చలి మొదలైన ఒక సాయంత్రం, పొయ్యిల పొగ వీధంతా నీలంగా పరుచుకుంది. ఆ పొగలోంచి ఒకామె నెత్తిన మూటతో నడిచి వచ్చింది. కలేమో అనుకున్నాను. మూట దించితే మా మిషను. ఖాలా చిక్కి సగమైంది. కాళ్లకు చెప్పుల్లేవు.

“మీ సామానేదే?” అంది అమ్మ.

“తొవ్వలనే ఇడిసిపెట్టినం. ఆయన విల్లు సుత. మోసుడు చేతకాలే.”

“అయ్యో పిచ్చిదానా! ఈ ఇనుము పారేసి ఆ విల్లు తెచ్చుకోవాల్సింది!”

“మాది గనుక ఇడిసినం. నీది ఎట్ల ఇడుస్త అక్కా?”

అమ్మ బావురుమంది. ఏడుస్తూనే పెట్టెను ముందుకు జరిపి, తాళం చూసుకోమంది. ఖాలా అటు చూడనైనా చూడలేదు.

“జెర నీళ్లియ్యక్కా,” అంది.