నేను చూడని గునపం

మన దేశంలో జ్యూరీలు ఎప్పుడో పోయాయి. ఉండి, నన్ను అందులో కూర్చోబెడితే, ఒక్క సాక్షిని కూడా వినకుండా అతనే దోషి అని చెయ్యెత్తేవాణ్ణి. జ్యూరీ లేదు కాబట్టి నాకు దక్కింది పంచనామా సాక్షి పని. పోలీసులు ఏదైనా పట్టుకున్నప్పుడు పక్కనుండి చూశానని సంతకం పెట్టడం.

అతను రేపల్లె వైపు రొయ్యల చెరువుల ఆసామి. ఆ చెరువుల ఉప్పునీళ్ళు వరిపొలాల్లోకి వస్తున్నాయని వార్త రాసినందుకు, బస్టాండు సెంటర్లో నా కాలరు పట్టుకుని నలుగురి ముందు క్షమాపణ చెప్పించాడు. ఎవరో తీసిన వీడియో నా కూతురి ఫోన్లోకి కూడా వచ్చింది. ఆ రోజు నుంచి అతని పేరు వింటే నా ఒళ్ళు మండిపోయేది.

తర్వాత తన దగ్గర పనిచేసే కూలీని కొట్టి చంపాడని అతన్ని అరెస్టు చేశారు. పేపర్లన్నీ దాని మీదే పడ్డాయి. ఒక సాయంత్రం బాపట్లలో మీటింగు వార్త పంపి ఇంటికి వస్తుంటే ఎస్సై ఆపాడు.

"పొద్దున చెరువు షెడ్డులో, ఆ కూలీని కొట్టిన గునపం దొరికింది సార్. సాక్షిగా ఒక సంతకం పెట్టండి."

ఆ షెడ్డు మొహం నేను చూడలేదు. అలా చూడకుండా సంతకాలు పెట్టేవాళ్ళని నేనే పేపర్లో ఎన్నోసార్లు ఉతికేశాను. అయినా సంతోషంగా పెట్టాను.

తెనాలి కోర్టులో ప్రభుత్వ లాయరు నన్ను పక్కకు పిలిచారు. "చూడకపోతే చూడలేదనే చెప్పండి. గునపం ఒక్కటే పోతుంది. కొట్టడం చూసిన కాపలాదారు ఉన్నాడు. మీ అబద్ధం దొరికితే మొత్తం కేసే పోతుందండి."

"చూశానండి," అన్నాను.

వరండాలో కూలీ భార్య నా చేతులు పట్టుకుంది. "నువ్వే దిక్కు అన్నయ్యా."

బోనెక్కి, అతని కళ్ళలోకి చూస్తూ చెప్పాను. పంచనామాలో రాసినట్టే పొద్దున పదకొండింటికి నా ఎదురుగానే గునపం తీశారని. అతని మొహం పాలిపోయింది. కడుపు నిండినట్టయింది నాకు.

అతని లాయరు నింపాదిగా ఒక పాత పేపరు తీశాడు. మా పేపరే. అదే రోజు పొద్దున పదకొండింటికి బాపట్లలో మొదలైన మీటింగు వార్త, దాని మీద నా పేరు. ఫొటోలో మొదటి వరసలో నేను.

"ఇది మీరేనాండి?"

ఇక కాపలాదారు మాట కూడా నిలబడలేదు. సాక్షులందరినీ పోలీసులే తయారుచేశారని ఆ లాయరు వాదించాడు. కేసు కొట్టేశారు.

గేటు దగ్గర అతను నాకు చేతులు జోడించాడు. "రాయడం మానకండి సార్. మీ వార్తే నన్ను బయటపడేసింది."

మళ్ళీ కాలరు పట్టుకున్నా అంత మండేది కాదు. బూతు నోటిదాకా వచ్చింది. ఈలోగా కూలీ భార్య వచ్చి ఎదురుగా నిలబడింది.

"నీ పగ నువ్వు చూసుకున్నావ్. మరి నా మొగుడి సంగతేంటి?" అంది. ఈసారి అన్నయ్యా అనలేదు.