నాకు రావాల్సిన ఇరవై నిమిషాలు

నా తమ్ముడు కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. వాడి పనితనాన్ని ఎవరైనా ఒక్క మాటంటే నేను ఊరుకోను. డాక్టర్లు పంపిన అచ్చులోంచి ప్లాస్టర్ దవడ పోతపోసి, దాని మీద మైనం పెట్టి, పళ్ళు ఒక్కొక్కటే నిలబెడతాడు. పై పన్ను కింది పన్ను మీద ఎక్కడ ఆనాలో వెంట్రుకవాసి తేడా రానివ్వడు. చనిపోయినవాళ్ళ దవడ అచ్చులు కూడా పారెయ్యడు. పేరు, తేదీ రాసి అటక మీద వరసగా పెట్టుకుంటాడు. వీధిలో వాడిని పళ్ళాయన అంటారు. ఇంతవరకూ బంగారం లాంటి మనిషి. మిగతాది చెప్పాలంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆదివారం పనికి సెలవు. ఆ రోజు మధ్యాహ్నం ఆ గదిలో, దవడల మధ్య, పెద్ద సభ. బుల్లి రాక్షసులను పట్టి, పెంచి, పందేలకు దించే ఆట ఒకటుంది కదా, చేతిలో పట్టుకుని ఆడేది. కొన్నేళ్ళకోసారి కొత్త రాక్షసులతో కొత్త ఆట వస్తుంది. దాన్ని ఒక తరం అంటారు. ఏ తరం గొప్పదన్నదే సభలో చర్చ. పన్నెండేళ్ళుగా ఇదే చర్చ, ఇంకా తేలలేదు! మా తమ్ముడిది మొదటితరం. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ఆయనది మూడోతరం. మందుల షాపులో పనిచేసే అమ్మాయిది ఐదోతరం. రెండోతరం మనిషి ఒకడుండేవాడు కానీ, పెళ్ళయ్యాక రావడం మానేశాడు. అందుకని రెండోతరాన్ని ముగ్గురూ కలిసి తిడతారు.

నేను బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలు తనిఖీ చేస్తాను. వారమంతా నిలబడే ఉంటాను. ఆదివారం వాడి గదికి వెళ్ళి, తయారైన పళ్ళసెట్లను డబ్బాల్లో సర్ది, వాటి మీద పేర్లు రాసి పెడతాను. అక్క కదా. ఎవరూ పిలవరు, వెళ్ళకపోతే ఫోన్ వస్తుంది. అలా మూలన కూర్చుని పన్నెండేళ్ళుగా వీళ్ళ గోల వింటున్నాను.

"మూడోతరంలో వాన పడుతుంది. నీళ్ళలో నీడ కనబడుతుంది. మీ మొదటితరంలో ఏముంది, బూడిద!" అంటాడు మెకానిక్.

"వాన కావాలంటే కిటికీ తెరుచుకో," అంటాడు మావాడు. "మీ మూడోతరం వాళ్ళు పాత రాక్షసుల్ని గడప కూడా తొక్కనివ్వలేదు. ఏళ్ళ తరబడి పెంచుకున్నవాటిని కొత్త మెషీన్లోకి తెచ్చుకునే దారే లేకుండా చేశారు. అది ఆటా? దుర్మార్గం!"

"మీ ఇద్దరిదీ ముసలితనం," అంటుంది మందుల షాపమ్మాయి. "ఐదోతరంలో కథ ఉంది. మీకు కథెందుకు, లెక్కలు చాలు."

"ఇంకొక్క మాటన్నావంటే పళ్ళు రాలగొడతా."

"రాలగొట్టండి. మళ్ళీ కట్టాల్సింది మీరే."

అందరూ నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది. ఆ తర్వాత వాడు సొరుగులోంచి క్యాసెట్ తీస్తాడు. అప్పుడు నా నవ్వు పోతుంది.

ఆ బూడిదరంగు క్యాసెట్‌లో ఇరవయ్యేడేళ్ళనాటి ఆట అలాగే ఉంది. అందులో ఒక్క ఆటే దాచుకోవచ్చు, రెండోదానికి చోటు లేదు. లోపల గుండీ బ్యాటరీ అయిపోతే అంతా పోతుందని, కరెంటు తెగకుండా తీగలు తగిలించి మెకానిక్ ఒకసారి మార్చి పెట్టాడు. నూట ఇరవై రాక్షసులు. ప్రతిదానికీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేరు. పొడుగు మీసాలున్నది హెడ్మాస్టరు. తోకకి మంట ఉన్నది పొయ్యి. దెబ్బ తగలకుండానే ఏడ్చేది నసుగుడు. ఎప్పుడూ నిద్రపోయే లావుపాటిది పెదనాన్న. వాళ్ళు ఒక్కో పేరూ చదివి పడీ పడీ నవ్వుతారు.

"ఈ పేర్లు మాత్రం అదరహో, గురూ. ఎలా తట్టాయి నీకు?" అంటాడు మెకానిక్ ప్రతిసారీ.

వాడు ప్రతిసారీ భుజాలెగరేస్తాడు. "అలా వచ్చేస్తాయి అంతే. నూట ఇరవై, ఒక్కణ్ణే పట్టాను."

ఒక్కణ్ణే!

ఆ క్యాసెట్టూ మెషీనూ మా పెదనాన్న ఎవరి దగ్గరో పాతవి అడిగి తెచ్చాడు. మా ఇద్దరికీ కలిపి తెచ్చాడు. అప్పుడు నాకు పన్నెండు, వాడికి ఎనిమిది. ఆట మొదలుపెట్టిన రోజు వాడికి తట్టు వచ్చి ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. మొదలుపెట్టింది నేను. వాడికి మళ్ళీ ఏడుపు రాకూడదని ఆటగాడి పేరు వాడిదే పెట్టాను, నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి. వాడు లేచాక కొట్లాటలు. అమ్మ అలారం గడియారం తెచ్చి మధ్యలో పెట్టింది. నీకో అరగంట, వాడికో అరగంట, గంట మోగితే ఇచ్చెయ్యాలి. ఏడాది అలాగే ఆడాం. పట్టడం ఇద్దరం పట్టాం. పేర్లు మాత్రం నేనే పెట్టాను.

తర్వాత ఒక సాయంత్రం నా అరగంటలో పది నిమిషాలే అయ్యాయి. అమ్మ వంటింట్లోంచి పిలిచింది. అమ్మకు ఆ వారం నుంచి షిఫ్టు మారింది. "నువ్వు పెద్దదానివి, ఇక నుంచి సాయంత్రం వంట నీది," అంది. "పట్టుకో, వస్తా," అని మెషీన్ వాడి చేతిలో పెట్టి లేచాను. ఆ రోజుకి ఆ వంట అయ్యింది. మర్నాడు మళ్ళీ వంట. ఎప్పుడడిగినా "ఉండక్కా, ఒక్క నిమిషం" అనేవాడు. కొత్తది దొరికితే మాత్రం వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి "అక్కా, దీనికేం పెట్టను?" అని అరిచేవాడు. నేను ఉల్లిపాయలు తరుగుతూ పేరు అరిచేదాన్ని. మిగిలిన నలభయ్యింటికీ అలాగే పేర్లు వచ్చాయి. ఇదీ వాడికి "అలా వచ్చేసిన" సంగతి.

మరి పన్నెండేళ్ళు ఎందుకు నోరు మూసుకున్నావని అడుగుతారు. తమ్ముడు కదా, నలుగురిలో చిన్నబుచ్చడం ఎందుకని. ఏదో ఒకరోజు వాడే చెప్తాడనుకున్నాను. పైగా క్యాసెట్‌లో పేర్లున్నాయి, ఎక్కడికీ పోవు. ఆ లావుపాటిదానికి మా పెదనాన్న గురక గుర్తొచ్చి ఆ పేరు పెట్టానని నేను చెప్తే ఎవరైనా నమ్మాల్సిందే. ఆ ధీమా ఉండేది నాకు.

మొన్న ఆదివారం చర్చ ఏ ఆట ఎలా మొదలవుతుందన్నదాని మీదికి వెళ్ళింది. మూడోతరం సామాన్ల లారీలో మొదలవడం ఎంత బాగుంటుందో మెకానిక్ చెప్పాడు. మావాడు మైనం దీపం తగ్గించి, చెయ్యెత్తి, ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

"మొదటితరం మొదలుతో పోలిస్తే ఇవన్నీ దిగదుడుపే. కుర్రాడు ఇల్లు వదిలి బయల్దేరతాడు. వాళ్ళమ్మ తలుపు దాకా వచ్చి చెయ్యూపుతుంది. ఆ ఒక్క చెయ్యి ఊపడం చాలు, అక్కడే కన్నీళ్ళొస్తాయి నాకు."

నా చేతిలో డబ్బా మూత ఉంది. కింద పెట్టాను.

"అమ్మ తలుపు దగ్గరికి రాదు," అన్నాను.

ముగ్గురూ తిరిగి చూశారు. ఆ మూలన మనిషి ఉందని అప్పుడే తెలిసినట్టు చూశారు.

"టీవీ చూస్తూ ఉంటుంది. కుర్చీలోంచి లెయ్యదు. 'వెళ్ళిరా' అంటుంది, అంతే."

నాకు అది మరపురాదు. ఆ రోజుల్లో మా అమ్మ కూడా షిఫ్టు దిగి కుర్చీలో కూలబడితే లేచేది కాదు. ఆటలో కూడా ఇదేనా అనుకున్నాను ఆ రోజు. మావాడు ఆ మొదలు చూసే అవకాశమే లేదు. ఆట మొదలైంది ఒక్కసారే, అప్పుడు వాడు దుప్పటి కింద ఉన్నాడు; ఆ తర్వాత పాతది పోతుందన్న భయంతో కొత్త ఆట ఎప్పుడూ నొక్కలేదు. ఎక్కడో ఎవరో చెప్పింది విని, సొంత కన్నీళ్ళు కలుపుకున్నాడు.

వాడు నవ్వాడు. ఆ నవ్వే నన్ను చంపింది. చిన్నపిల్లని బుజ్జగిస్తున్నట్టు, "నువ్వెప్పుడు ఆడావక్కా? నీకెందుకీ గొడవ, డబ్బాలు చూసుకో," అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "నేనెప్పుడు ఆడానా? సిగ్గులేదురా నీకు? పెట్టి చూపించు. ఇప్పుడే, వీళ్ళ ముందే. అమ్మ లేస్తుందో లెయ్యదో చూద్దాం!"

"చూపిస్తా. చూపించాక మాత్రం మాట్లాడకూడదు."

"చూపించు ముందు."

"గురూ, జాగ్రత్త," అన్నాడు మెకానిక్. "కొత్త ఆట మొదలుపెడితే పర్లేదు, పాతది అలాగే ఉంటుంది. సేవ్ మాత్రం చెయ్యకు."

"నాకు చెప్తున్నావా?" అన్నాడు మావాడు. నిజమే, వాడికి చెప్పక్కర్లేదు. సగంలో ఆపేముందు సేవ్ చెయ్యమని ఈ గదిలో అందరికీ నేర్పిందే వాడు. బర్నర్ ఆపి మూడుసార్లు చూసుకునే మనిషి. ఇరవయ్యేడేళ్ళలో ఒక్కసారి కూడా సేవ్ చెయ్యకుండా మెషీన్ ఆపలేదు.

కొత్త ఆట నొక్కాడు. పేరడిగితే ఏదో ఒక అక్షరం కొట్టాడు. నలుగురం ఆ చిన్న తెర మీదికి తలలు వంచాం. కుర్రాడు మేడ మీద గదిలో ఉన్నాడు. మెట్లు దిగాడు. అమ్మ కుర్చీలో ఉంది, ఎదురుగా టీవీ. మావాడు కుర్రాణ్ణి ఆమెతో మాట్లాడించాడు. వెళ్ళిరా అంది. తలుపు దాకా నడిపించి, వెనక్కి తిప్పాడు. ఆమె కదల్లేదు. ఇంకోసారి లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి తెచ్చాడు. అమ్మ కుర్చీలోనే ఉంది.

"ఆంటీ కరెక్ట్," అంది మందుల షాపమ్మాయి.

మావాడి మొహం కందగడ్డయింది. "ఇది... ఈ ఆటలో రెండు రకాలు వచ్చాయి. మొదట విడుదలైనదాంట్లో లేస్తుంది. మీకు తెలీదు. నాకు బాగా గుర్తు, చెయ్యూపుతుంది, నేను కళ్ళారా..." మాట్లాడుతూనే ఉన్నాడు. నా వంక చూస్తూ గొంతు పెంచుతున్నాడు. వేళ్ళు కింద వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆపేముందు వేళ్ళకి ఏం అలవాటో అదే చేశాయి. మెనూ తెరిచాయి. సేవ్ నొక్కాయి. పాత ఆట చెరిగిపోతుంది, సరేనా అని అది అడిగింది. సరే అన్నాయి.

టింగుమని చిన్న శబ్దం వచ్చింది.

వాడు తెర వంక చూశాడు. మెకానిక్ "అయ్యో అయ్యో" అంటూ మెషీన్ లాక్కున్నాడు. ఆపి, మళ్ళీ వేశాడు. ఒక అక్షరం పేరు. రాక్షసులు సున్నా. ఆడిన సమయం మూడు నిమిషాలు.

మావాడు స్టూలు మీద కూలబడ్డాడు. కాసేపటికి గొణగడం మొదలుపెట్టాడు. "పొయ్యి. హెడ్మాస్టరు. నసుగుడు. పెదనాన్న. చింపిరి. వాయిదా..." వరస తప్పకుండా చెప్పుకుపోతున్నాడు. నలభై దాకా చెప్పి తలెత్తాడు. కళ్ళనిండా నీళ్ళు.

"పేర్లన్నీ అక్క పెట్టినవే," అన్నాడు వాళ్ళిద్దరితో. "మొదలుపెట్టింది కూడా అక్కే. నేను చూడలేదు ఆ మొదలు."

మందుల షాపమ్మాయి నా వైపు చూసింది. పాపం, ఇప్పుడు నేను కరిగిపోయి వాడి తల నిమురుతానని అనుకుని ఉంటుంది. నాకు ఆ స్టూలు ఎత్తి వాడి నెత్తిన వెయ్యాలనిపించింది.

"ఇప్పుడా చెప్తావ్?" అన్నాను. "చూపించడానికి ఒక్కటి కూడా మిగలనప్పుడా? పన్నెండేళ్ళు ఈ నోరు ఏమైంది? ఊరందరి దవడలూ దాచావు. నా అక్షరాలున్నది ఒక్కటే ఒక్క వస్తువు, దాన్ని తుడిచేశావు. అదీ నేను ఆడలేదని చూపించడానికి!"

"కావాలని చెయ్యలేదక్కా."

"తెలుసు. నువ్వు ఏదీ కావాలని చెయ్యలేదు. ఆ రోజు మెషీన్ కూడా కావాలని ఉంచుకోలేదు."

మెకానిక్ చేతిలోంచి మెషీన్ తీసుకున్నాను. ఆయన ఇచ్చేశాడు. కొత్త ఆట నొక్కాను. పేరడిగింది. ఈసారి నా పేరు కొట్టాను, పూర్తిగా, ఒక్కో అక్షరం చూసుకుని. చేతిసంచీ భుజాన వేసుకున్నాను. సగం డబ్బాలకి పేర్లు రాయలేదు, అలాగే వదిలేశాను.

గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పిలిచాడు. ఎనిమిదేళ్ళప్పటి గొంతు, అచ్చం అదే గొంతు.

"అక్కా, మళ్ళీ ఎప్పుడిస్తావు?"

"ఆ రోజు నాకు పది నిమిషాలే అయ్యాయిరా," అన్నాను. "ఇంకా ఇరవై ఉన్నాయి. గంట మోగాక అడుగు."

ఆ గడియారం పగిలిపోయి చాలా ఏళ్ళయిందని వాడికీ తెలుసు.