పంజాగుట్టలో దిగిపోయిన కథకుడు

అమీర్‌పేటలో మెట్రో ఎక్కేసరికి ఇద్దరు కుర్రాళ్లు ఒక అంతరిక్ష సీరియల్ చివరి భాగాన్ని తిట్టిపోస్తున్నారు. ఏళ్ల తరబడి దారితప్పి తిరిగిన ఓడ కథంతా చివరికి కెప్టెన్‌కి వచ్చిన కలేనట! కథలల్లడంలో మా బంధువుల్లో నన్ను మించినవాడు లేడు. ఊరుకోలేక, ఓడని ఆకాశ తిమింగలం మింగినట్టు నా ముగింపు చెప్పాను.

"బాగుంది అంకుల్," అని మర్యాదకి నవ్వారు.

పక్కన పాత టేబుల్ ఫ్యాన్ పట్టుకుని నిలబడ్డ భాయ్ నోరు విప్పాడు. "భూమి నుంచి రేడియోల ధైర్యం చెప్పే ముసలాయన ఉన్నడు గదా, గాయన ఎప్పుడో చచ్చిపోయిండు. ఓడలోళ్లు ఆశ ఇడవొద్దని గాయన బిడ్డనే నాయన గొంతుతోని మాట్లాడుతుంటది. కెప్టెన్‌కు భూమ్మీద దిగినంకనే తెలుస్తది."

"ముగింపంటే ఇదీ!" అంటూ కుర్రాళ్లు ఆయన వైపు తిరిగారు. పంజాగుట్ట రాగానే ఆయన దిగిపోయాడు. నాకు కడుపు మండిపోయింది.

"నా శిష్యుడే," అన్నాను.

"మరి మీది అంత చెత్తగా ఉందేంటి అంకుల్?"

ఆ భాయ్ ముగింపు ఇప్పటికి ఎన్ని పెళ్లిళ్లలో చెప్పానో. "భలే అల్లావు బావా!" అంటారు. ఎన్ని అబద్ధాలైనా తడుముకోకుండా ఆడే నా నోరు, అక్కడ మాత్రం "నాది కాదు, మెట్రోలో ఒక భాయ్‌ది" అనేస్తుంది.