నేను దాటని గడప

ఏ గోడౌన్‌లోకైనా, ఏ భవనంలోకైనా వెళ్లి చూసే హక్కు చట్టం నాకిచ్చింది. ముందుగా కబురు పెట్టి, పొద్దు గూకేలోపు వెళితే చాలు. యజమాని మొహం మాడ్చుకున్నా, రుసరుసలాడినా గది గదీ తిరిగి చూడవచ్చు. అడ్డుకుంటే అది నేరం. యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, అగ్నిమాపక శాఖలో తనిఖీలు చేస్తూ ఈ అధికారం గురించి ఎంతమందికి ఉపన్యాసాలు దంచానో నాకే గుర్తులేదు. ఒక్క గదిలోకి మాత్రం వెళ్లలేదు. ఆ గది వల్ల ఒక మనిషి పోయింది. ఇంకొక పెద్దావిడ కోర్టు మెట్లెక్కింది.

మేట్టుపాళయం పారిశ్రామికవాడలో ఆ పెద్దావిడకు చిన్న అగరుబత్తీల షెడ్డు ఉండేది. ముందు హాలు. అందులో అట్టపెట్టెలు, సెంటు డబ్బాలు, కూర్చుని పొట్లాలు కట్టే ఐదుగురు ఆడవాళ్లు. వెనక ఒక గది. ఆవిడ వాళ్లు ఎన్నో తరాల కిందట ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు. నా నోట తెలుగు వినగానే ఆవిడ మొహం చేటంత అయింది.

"మన మాట మాట్లాడే ఆఫీసరా! యాడ నాయనా మీది?"

"యానామండి."

"సరి సరి. మాకు చదవను రాదు గానీ ఇంట్లో తెలుగే. కాఫీ తాగినాకనే పోవాల."

కాఫీ ఇచ్చేవాళ్లంటే నాకు అనుమానం. ఏదో దాచడానికే ఇస్తారని నా అనుభవం. ఈవిడకు దాచడం రాదు. వైర్లు చూపించింది, మంటలార్పే సిలిండర్లు చూపించింది. నడిచే దారిలో పెట్టెలున్నాయని నేను కసిరితే అప్పటికప్పుడు పక్కకు తీయించింది. చివరికి వెనక గది తలుపు తానే తెరిచింది.

"ఇది సామి రూము. రా నాయనా, అమ్మవారిని చూసిపో."

నేను గడప ఇవతలే ఆగిపోయాను. మా పెదనాన్న కొడుకు పోయి అప్పటికి ఆరు రోజులు. సెలవు దొరక్క డ్యూటీలోకి దిగాను గానీ మైల తీరలేదు. అమ్మవారు అక్కణ్ణుంచి కనిపించడం లేదు గానీ లోపల దీపం వెలుగుతోంది, పసుపు వాసన వస్తోంది. ఆ గడప తొక్కడానికి నాకు మనసొప్పలేదు.

"వద్దండి, నాకు మైల" అన్నాను.

"అయ్యో, అట్లనా" అని ఆవిడ నొచ్చుకుని తలుపు దగ్గరగా వేసింది.

చట్టంలో ఒక మాట ఉంది. మనుషులు కాపురముండే చోట తనిఖీ చేసేటప్పుడు వాళ్ల ఆచారాలను, మనోభావాలను గౌరవించాలని. అది కాపురముండే వాళ్ల గురించి. తనిఖీకి వచ్చినవాడి మైల గురించి చట్టం ఒక్క ముక్క కూడా చెప్పలేదు. పైగా అది ఇల్లు కూడా కాదు, షెడ్డు. ఇదంతా నాకు ఆ క్షణంలో తెలుసు. తెలిసీ ఆగాను.

ఆ గది నుంచి బయటికి పోవడానికి వాకిలి ఒకటి ఉండాలని ప్లానులో ఉంది. చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్లి చూశాను. ఇనప తలుపు ఉంది, తాళం లేదు. నెట్టి కూడా చూడలేదు. సందులో నిలబడే వెనక దారి సక్రమంగా ఉందని రాసేశాను.

వచ్చేస్తుంటే పొట్లాలు కట్టే ఐదుగురిలో ఒకామె లేచి నా దగ్గరికి వచ్చింది. నడివయసు మనిషి, సన్నగా ఉంది. తమిళంలో అడిగింది.

"సార్, ఆ వెనక వాకిలి తెరుచుకుంటుందా? అది సామి గదని మేం లోపలికి పోం. చూడలేదు, అందుకని అడుగుతున్నా."

"తెరుచుకుంటుందమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి వెళ్లి మళ్లీ పనిలో కూర్చుంది. ఇంత సూటిగా అడిగిన మనిషికి ఇంత తేలిగ్గా అబద్ధం ఎలా చెప్పానో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అది అబద్ధమని కూడా అప్పుడు తోచలేదు.

కొన్ని నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం ఆ షెడ్డు అంటుకుంది. హాలు ముందు భాగంలో, స్విచ్చిబోర్డు దగ్గర మొదలైంది. నలుగురు ముందు నుంచే బయటపడ్డారు. వెనక వాకిలి గురించి నన్ను అడిగినామె మాత్రం వెనక్కి పరిగెత్తిందని వాళ్లు చెప్పారు. మా బండి వెళ్లేసరికి హాలంతా మంటలు. నేను వెనక సందులోకి పరిగెత్తి ఆ ఇనప తలుపు నెట్టాను. కదల్లేదు. నలుగురం కలిసి గడ్డపారలతో పెకలించాం. తలుపు వెనకే ఇటుకలతో కట్టి సిమెంటు చేసిన గద్దె, దాని మీద అమ్మవారు. అమ్మవారు తూర్పు చూడాలి, అందుకని పడమటి గోడకు ఆనించి కట్టించారు. ఆ గోడకే వాకిలి ఉంది. తలుపేమో లోపలికి తెరుచుకునేది. మంట ఆ గదిలోకి రానేలేదు, పొగ మాత్రం వచ్చింది. ఆమె ఎడమ చేయి గద్దె మీద ఉంది. కుడి చేయి గద్దెకూ తలుపుకూ మధ్య సందులో ఇరుక్కుని, గడియ దాకా వెళ్లింది.

ఆ రోజు నేను గడప దాటి ఉంటే, ఒక్క అడుగు వేసి ఉంటే, అది నా కంట పడేది.

విచారణలో పెద్దావిడను అడిగారు. "సారు లోపలికి వస్తానన్నాడు. నేనే సామి రూము, వద్దని అడ్డం నిలబడినా" అని చెప్పింది. నేను బిత్తరపోయాను. నన్ను అడిగినప్పుడు వెనక తలుపు బయటి నుంచే చూశానని మాత్రం చెప్పాను. నాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఆవిడ మీద నిర్లక్ష్యం కేసుతో పాటు అధికారిని అడ్డుకున్న కేసు కూడా పెట్టారు.

అప్పటి నుంచి నేను ఎవరి మాటా వినను. వంటిళ్లు, స్నానాల గదులు, దేవుడి గదులు, అన్నీ తొక్కుతాను. వీడికి దయ్యం పట్టిందని ఆఫీసులో నవ్వుకుంటారు. పట్టిన మాట నిజమే. కాలాపేట వైపు ఒక హాస్టల్లో మొన్న వెనక తలుపు తెరిపించి, మూయించి, మళ్లీ తెరిపించాను. వార్డెను విసుక్కున్నాడు. నేను మాత్రం తలుపు అవతల గోళ్లతో గీకుతున్న చప్పుడు వింటున్నాను. తలుపు తెరిచాక ఆ చప్పుడు ఉండదు. మూస్తే మళ్లీ వస్తుంది. నాకు భయంగా ఉంటుంది. ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు.

కోర్టులో నా సాక్ష్యం వారం రోజులుందనగా నటేశన్ నగర్‌లో పెద్దావిడ ఇంటికి వెళ్లాను. ఆవిడ సగమైపోయింది. కూర్చోగానే చెప్పేశాను.

"మీరు నన్ను అడ్డుకోలేదండి. మీరే తలుపు తీసి రమ్మన్నారు. నాకు మైల అని నేనే ఆగిపోయాను."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"లేదు నాయనా. నాకు బాగా గ్యాపకం ఉండాది. నువ్వు కాలు ముందుకు పెట్టినావు. నేనే చెయ్యి అడ్డం పెట్టినా. రోజూ అదే కండ్ల ముందర కనిపిస్తాది."

"కాదండి..."

"నువ్వు మంచోడివి. ముసిల్దాన్ని కాపాడాలని ఇట్ల చెప్తున్నావు. కోర్టులో మాత్రం ఈ మాట అనబాక. ఉజ్జోగం పోతాది. పిల్లలు గలోడివి."

నా తప్పును ఆవిడ ఎప్పుడో తీసుకుని తన జ్ఞాపకంగా చేసుకుంది. ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆవిడ మాట వినగానే గుండె మీది బరువు దిగినట్టయింది. సిగ్గులేకుండా హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కోర్టులో లాయరు అడిగాడు. "ఆ గదిలోకి వెళ్లకుండా ఈమె మిమ్మల్ని అడ్డుకున్నారా?"

నేను ఆవిడ వైపు చూశాను. చెప్పు, చెప్పు అన్నట్టు ఆవిడ కళ్లతోనే నన్ను బతిమాలుతోంది.

"అవును" అన్నాను.

ఆవిడ నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.