అర్జీ పెట్టిందెవరండి?

మా చేను పక్కన రొయ్యల చెరువు తవ్విన రెండో ఏటికి మా బోరు నీళ్లు ఉప్పగా మారాయి. గట్టు వారనున్న వరి మడి ఎర్రబడి మాడిపోయింది. ఆ చెరువు మావారి చిన్నాన్న కొడుకుది; నాకు మరిది వరస. అతణ్ని నిలదీయడానికి మావారికి నోరు రాలేదు. నేనే అర్జీ రాశాను.

పంచాయతీలో తీర్మానం చేసి పైకి పంపామన్నారు. మండలాఫీసులో, "చెరువుల సంగతి మత్స్యశాఖ చూస్తుందండి" అన్నారు. అక్కడికి వెళితే, "అనుమతి తీసుకోని చెరువు మా రికార్డుల్లోనే లేదండి, మేమేం చేస్తాం?" అని నన్నే అడిగారు. చివరికి రాజమండ్రిలో ఒక లాయరుగారు మా అర్జీని పర్యావరణ కేసులు చూసే ట్రిబ్యునల్‌కి పంపించారు.

ఆ కబురు ఊళ్లో పొక్కిన మర్నాడే మరిది మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగాడు. లేస్తూ, ఎంతో మర్యాదగా అన్నాడు: "రోజూ కాలవగట్టు మీదుగా ఒక్కరే బడికి వెళ్తారు కదా వదినగారూ. జాగ్రత్తండి. గట్టు జారుడుగా ఉంటోంది."

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అందుకే మరీ భయమేసింది. పాఠం చెబుతుండగా కిటికీ అవతల బైకు చప్పుడైతే చేతిలో సుద్దముక్క జారిపోయేది.

ట్రిబ్యునల్ వేసిన కమిటీ కార్లలో వచ్చిన రోజు ఊరంతా చెరువు గట్టు మీదే ఉంది. పెద్దాఫీసరు ఫైలు తెరిచి, "అర్జీ పెట్టిందెవరండి?" అని అడిగారు. అందరూ నావైపు చూశారు. మరిది కూడా. ఎలాగో చెయ్యెత్తాను. అంతదాకా నేలచూపులు చూస్తున్న మావారు అప్పుడు ముందుకొచ్చి, "మా ఆవిడేనండి. ముందు ఆ మడి చూడండి సార్" అన్నారు. మడి చూశారు. మా బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు.

కొన్ని నెలలకు చెరువు మూసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. పొక్లెయిన్‌తో గట్టు తెగ్గొడుతున్న చప్పుడు మా వంటింట్లోకి వినిపిస్తోంది. గడియ వేసుకుని కూర్చున్నాను. ఎవరో పెరటి తలుపు కొట్టారు. సందులోంచి చూస్తే మరిది భార్య. తిట్టడానికే వచ్చిందనుకుంటూనే గడియ తీశాను.

ఆమె గడప దాటలేదు. "మా బోరు నీళ్లూ ఉప్పేనక్కా. ఏడాదై ఆయనకి చెప్పలేక చస్తున్నాను. నేనొచ్చినట్టు ఎవరితోనూ అనొద్దక్కా" అని గబగబా వెళ్లిపోయింది.

నేల ఎప్పటికి కోలుకుంటుందో ఏ ఆఫీసువాళ్లూ చెప్పలేకపోతున్నారు. పంచాయతీ ట్యాంకరు వచ్చినప్పుడు ఇద్దరం బిందెలతో పక్కపక్కనే నిలబడతాం. మాట్లాడుకోం.