ఎంటర్ కొట్టని ఆఖరి లైను

మేడ్చల్‌లో మా నాయిన కిరాణం దుకాణంలో ఖాళీ అర కనబడేది కాదు. సరుకు నిండుకుంటే, మిగిలిన ఒక్క పాకెట్‌నూ ముందుకు జరిపి వెనక చీకటిని దాచేవాడు. "ఖాళీ అర చూస్తె గిరాకి ఎనకకు మళ్ళుతది బిడ్డా," అనేవాడు. అలాంటి ముందు వరసల వెనక పెరిగినదాన్ని కాబట్టి, ఏ దుకాణానికి వెళ్ళినా ఇప్పటికీ చెయ్యి లోపలిదాకా పెట్టి చూస్తాను. మా ఆయన ఆ సమయంలో నేనెవరో తెలియనట్టు రోడ్డు వైపు తిరిగి నిలబడతాడు.

నాయినకు ఇంకో అలవాటుండేది. గిరాకీ అడిగిన, మా దగ్గర లేని సరుకును రాసిపెట్టుకునేవాడు, టోకు సరుకుకు బేగంబజార్ వెళ్ళినప్పుడు తేవడానికి. చిట్టీలను ఎలుకలు కొరికేస్తున్నాయని సుచిత్ర చౌరస్తాలో ఒక పాత కంప్యూటర్ కొనిచ్చాను. గంటన్నర బేరమాడి, కీబోర్డు ఊరికే ఇప్పించుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే దానికి స్పేస్ బటన్ సగమే ఉంది. అప్పటికి ఊరంతా నా బేరం గొప్ప చెప్పుకున్నాను కాబట్టి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాయిన ఒక్క వేలితో, తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు. రోజుకొక ఫైలు, లైనుకొక సరుకు. ఒక్కటే పేచీ. ఆఖరి సరుకు తర్వాత కూడా ఎంటర్ కొట్టమని నేను, కొట్టనని ఆయన.

"కింద ఖాళీ కనబడతాంది గదనే. ఎవ్వరు అడగకముందుకే అర ఎందుకు తెరువాలె?"

"అది అర కాదు నాయినా, లైను."

"నీ కంపెనీల లైను. నా దుకాణంల అర."

పొరపాటున వేలు తగిలి ఖాళీ లైను వచ్చినా, వెనక్కి చెరిపి ఆఖరి సరుకు పక్కకే తెచ్చి ఆపేవాడు. నేను మందుల కంపెనీలో రోజంతా నల్ల తెర మీద రికార్డుల ఫైళ్ళు సరిచేసేదాన్ని. ఎంతోమంది ఫైళ్ళు దారికి తెచ్చాను గానీ ఆయనది మాత్రం నా వల్ల కాలేదు.

నాయిన పోయి ఏడాదయింది. దుకాణం తీసేశాం, కంప్యూటర్ మా ఇంటికొచ్చింది. అమ్మ మాతోనే, తూంకుంటలో ఉంటోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ, "మీ నాయిన గా డబ్బాల కొట్టినవి ఉన్నయా? జర చదువు," అంది.

ఇదెంత పని అనుకున్నాను. ఫైళ్ళన్నీ వరసగా తెరిచి, ఒక్కో లైనూ చదివి చూపించే ఆదేశం నాలుగు మాటల్లో రాశాను. ఎలుకల బోను. పిల్లల గొడుగు. చెక్క దువ్వెన. పేరు తెలియని వాళ్ళ కోరికలన్నీ చదువుతూ పోయాను. అమ్మ కాసేపు నవ్వుతూ విన్నది. తర్వాత ఆమె చేతిలో కాయ ఆగిపోయింది.

"నావి ఏవి?"

"నీవేంది అమ్మా?"

"షెటరు దించే యాళ్ళకు రోజూ ఫోన్ జేసి ఇంట్లకేం గావాల్నో చెప్తుంటి. 'ఆగు, కొట్టుకుంటున్న' అంటుండె."

మళ్ళీ చూశాను. ఏ రోజుదీ లేదు. "మర్చిపోయిండేమో," అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"అందుకేనా సగం రోజులు ఒట్టిచేతుల్తోని వస్తుండె? నన్ను చుప్ జేసెతందుకు అన్నడా కొట్టుకుంటున్న అని?" చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గ్యాస్ మాత్రం వెలిగించలేదు.

అప్పుడు నాకు ముందు వరసను నమ్మకూడదన్న సంగతి గుర్తొచ్చింది. ఒక ఫైలును మామూలుగా తెరిచి చూశాను. ఎలుకల బోను, గొడుగు, దువ్వెన, వాటి కింద సగ్గుబియ్యం. షెటరు దించేటప్పుడు చెప్పింది కాబట్టి అన్నిటికన్నా కింద ఉన్న ఆ సగ్గుబియ్యం అమ్మది.

ఎంటర్ కొట్టినప్పుడు లైను చివర కంటికి కనబడని ఒక గుర్తు పడుతుంది. నేను రాసిన ఆదేశం ఆ గుర్తు దొరికేదాకా చదువుతుంది. ఆఖరి లైనుకు గుర్తు లేకపోతే, దాన్ని చేతిలోకి తీసుకుని కూడా పూర్తి కాలేదని వదిలేస్తుంది. ప్రతి ఫైలులో చిట్టచివర ఏముందో చూపమని tail -c1 అనే ఆదేశంతో అడిగాను. గుర్తు ఉన్నచోట ఖాళీగా కనబడాలి. నాయిన ఫైళ్ళన్నిటికీ ఏదో ఒక అక్షరమే వచ్చింది. ఆయన ఒక్క రోజు కూడా మాట తప్పలేదు.

తొందరపడి అన్నిటినీ, ఫైళ్ళను ఉన్నదున్నట్టు వరసగా చూపించే cat తో కలిపాను. అమ్మ సగ్గుబియ్యానికి మర్నాటి మొదటి గిరాకీ అడిగిన చీపురు అతుక్కుని ఒకే లైనైంది. ఇలా కాదని, ఫైళ్ళను సరిదిద్దే sed తో '$a\' అని చెప్పాను. చివర గుర్తు లేనిచోట పెడుతుంది, ఉన్నచోట ముట్టుకోదు. ఆఖరి రోజు ఫైలును మాత్రం దానికి ఇవ్వలేదు, అది నాయిన ఆపినచోటే ఉండాలని. దాని కోసం నా ఆదేశాన్నే మార్చుకున్నాను: గుర్తు దొరక్కపోయినా, చేతిలో ఏదైనా మిగిలి ఉంటే అదీ చదువు.

వంటింటి గడప దగ్గర నిలబడి చదివాను. "సగ్గుబియ్యం."

అమ్మ తిరగలేదు. "తెచ్చిండు," అంది.

"సన్నరవ్వ."

"తేలే."

"సబ్జా గింజలు."

"తేలే. మర్సటి రోజు మళ్ళ చెప్పిన, చూడు." చూశాను. మర్నాడు కూడా ఆఖరి లైను సబ్జా గింజలే. అమ్మ గ్యాస్ వెలిగించింది.

తర్వాత బేరం మొదలైంది. ప్రతి ఆదివారం నెల రోజులవి చదువుతానన్నాను.

"రోజుకు ఒక్కటి."

"పదన్నా చదవనియ్యి అమ్మా, జల్దీ అయితది."

"జల్దీ ఎవ్వలకు గావాలె? ఒక్కటే."

సుచిత్రలో గంటన్నర నిలబడగలిగినదాన్ని, ఇక్కడ రెండు మాటల్లో ఓడిపోయాను.

"ఆఖరి రోజుది నాకు యాదికున్నది," అంది అమ్మ, కూర కలుపుతూ. "కుంకుడుకాయలు చెప్పిన. గా రోజు ఇంటికే రాకపాయె. సీదా దవాఖానల్నే చూసిన."

"రేపు నేను తెస్తనమ్మా."

"నువ్వు తెస్తె అయిపోతది. ఉండనీ."

రోజుకొక్కటే చదువుతున్నాం. ఇంకా ఎన్ని ఉన్నాయని ఆమె అడగదు, నేను చెప్పను. ఆ ఆఖరి ఫైలును మాత్రం అప్పుడప్పుడు ఒక్కదాన్నే cat తో చూసుకుంటాను. కింద లైను లేదు కాబట్టి, కుంకుడుకాయలు అన్న మాట పక్కనే, అదే వరసలో, కర్సరు మినుకుమంటూ ఉంటుంది.