దీర్ఘం లేని మడి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దాయన క్యాంపస్ పక్కన అద్దెగది వెతికి చూసి ఉండడు. చూసి ఉంటే మొదటి రెండిటినీ పిల్లలాటలనేవాడు. గది కోసం వెళ్లి, ఒక సందు మొత్తాన్నీ పస్తుపెట్టిన ఘనుణ్ణి నేను. కూర్చోండి, చెబుతాను.

కొత్తగూడెంలో సీటొచ్చింది గానీ హాస్టల్లో మంచం రాలేదు. దమ్మపేట నుంచి బస్సులో వేలాడుతూ వచ్చేసరికి రోజూ మొదటి క్లాసు అయిపోయేది. "హాజరు ఇంకొంచెం తగ్గితే పరీక్ష రాయనివ్వను" అని మేడం తేల్చేసింది. గదుల వాళ్లేమో "బ్యాచిలర్లకియ్యం" అని నా మొహం మీదే తలుపేసేవారు.

అప్పుడు కనబడింది, క్యాంపస్ వెనక సందులో ఓ ఇంటి మేడకు బోర్డు: "మడిగ కిరాయికి ఇవ్వబడును."

మా తాతలు కోస్తా నుంచి వచ్చినవాళ్లు. మాకు తెలిసిన మడి ఒక్కటే, తడిబట్ట కట్టుకుని ఎవర్నీ తాకకుండా వండుకునేది. పెయింటరు దీర్ఘం మింగేశాడు, మడిగా ఉండేవాళ్లకే ఇస్తారు కాబోలు అనుకున్నాను. కోడి కూయకముందే దాన్ని కూరొండే వంశం మాది. అయినా అవసరం నాది. బోర్డు చదివిన వెంటనే తలస్నానం చేసి, నిలువునా నామం దిద్దుకుని, తడిపంచెతో వెళ్లాను.

తలుపు తీసినాయన పేరు ఖాజా భాయ్, బజార్లో బట్టల వ్యాపారి. ఈయనకు నా మడితో పనేమిటని మీకు అనుమానం వస్తుంది, ఎందుకంటే మీకు బుర్ర ఉంది. నేనైతే మతసామరస్యానికి మురిసిపోయాను.

"మడిగ కోసం వచ్చానండి."

"అవ్, ఖాళీగనే ఉన్నది. ఏం పెడ్తరు అయ్యగారూ?"

నైవేద్యం గురించి అడుగుతున్నాడనుకున్నాను. "పొద్దున పులిహోర, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం గారెలు."

"అబ్బో! అన్ని మీరొక్కరే చేస్తరా?"

"వేరేవాళ్ల చెయ్యి పడనివ్వనండి. ఉల్లిపాయ కూడా ముట్టను."

"మంది వస్తరా మరి?"

బ్యాచిలర్లను అందరూ అడిగేదే కదా! "ఒక్కరు కూడా గడప తొక్కరండి" అన్నాను గర్వంగా.

ఖాజా భాయ్ జాలిగా చూశాడు. "శురూల గట్లనే అనిపిస్తది. ఫికర్ చెయ్యకుండ్రి, నేను చెప్త గద, మస్తు వస్తరు."

ఎవరొస్తారో, ఎందుకొస్తారో అడగలేదు. కిరాయి తక్కువ చెప్పాడు, అది చాలు. తలుపు బదులు షట్టరు ఉంటే కూడా దొంగల భయమనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ నామం దిద్దుకుని సామానుతో దిగి, షట్టరు లోపల్నుంచి దించుకుని, అమ్మ కట్టిచ్చిన నాటుకోడి వేపుడు విప్పాను. కాలుముక్క సగం నోట్లో ఉండగా షట్టరు గడగడమని పైకి లేచింది.

ఎదురుగా ఖాజా భాయ్, చేతిలో పూలదండ. ఆయన వెనక సందు చివరి వరకూ క్యారియర్లతో మా యూనివర్సిటీ పిల్లలు.

"అయ్యగారూ, పులిహోర..." అని మొదలుపెట్టాడు. నా నామం వైపు చూశాడు, కాలుముక్క వైపు చూశాడు. "ఉల్లిగడ్డ గూడ ముట్టనంటివి?"

"ఉల్లి ముట్టలేదండి. కోడినే ముట్టాను."

వరసలోంచి ఒకడు అరిచాడు: "అన్నా, నాకు గదే ఒక ప్లేటు!"

నాకు ఏడుపొచ్చింది. మడి బోర్డు కథంతా కక్కేశాను. ఖాజా భాయ్ మెట్ల మీద కూలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "అరె తమ్మీ, మడిగంటే దుకాణం! పైన సామాన్ల గది ఉన్నది, అండ్ల ఉండు. గా దండ మాత్రం నీదే, ఏసుకో."

చదువు పూర్తయ్యే వరకూ ఆ పైగదిలోనే ఉన్నాను. ఒక్క క్లాసూ తప్పలేదు, ఆదివారాలు భాయ్ ఇంట్లో బిర్యానీ కూడా తప్పలేదు.

లోకంలో అందరూ ఎదుటివాడికి నామం పెడతారు, నేను నాకే పెట్టుకున్నాను. అందుకే ఆ వాడిపోయిన దండ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట బోర్డు చదివిన వెంటనే స్నానం చెయ్యను.